వారానికొక కొడుకు

ఆదోనికి లైట్నింగ్ కాల్ బుక్ చేసి అరగంట దాటింది. పోస్టుమాస్టరు గంగాధరప్ప నా వైపు చూడడం లేదు. చూస్తే నేను అడుగుతానని తెలుసు, అడిగితే అనంతపురం ఎక్స్చేంజి ఇంకా పలకలేదు శెట్టీ అని చెప్పాలి, ఆ మాట ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాడు, అందుకని తలొంచుకుని మనియార్డరు ఫారాలు సర్దుతున్నాడు, సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు. లైట్నింగ్ అంటే మెరుపట. మామూలు ఫోను కాలుకు ఎన్నో ఇంతలు తీసుకుని మెరుపని పేరు పెట్టారు, ఈ కళ్యాణదుర్గం ఆకాశంలో మెరుపు చూసి రెండేళ్ళయింది, ఇప్పుడు నా ఒక్కడి కోసం మెరుస్తుందా. బెంచీ మీద కూచోలేను, లేస్తాను, మళ్ళీ కూచుంటాను. నాకు కావలసింది ఒక్క ముక్క. ఈ పొద్దు పదకొండు గంటలకు నా చేతికొచ్చిన తంతిలో, ఈ టెలిగ్రాం కాగితంలో ఉన్నది శెనక్కాయల రేటా, నా పెళ్ళాం సుమిత్రమ్మ ప్రాణమా. అంతే, ఇంకేం అక్కర్లేదు. రేటే అయి ఉండాలి. స్వామీ, రేటే అయి ఉండాలి, తప్పుడు రేటయినా సరే, నేను నిండా మునిగిపోయినా సరే, రేపటి నుంచి మండీకి తాళం వేసి ఎవడి అంగట్లోనో తక్కెడ పట్టుకున్నా సరే. నలభై రెండేళ్ళ బతుకులో ఇట్లాంటి దండం నేనెప్పుడూ పెట్టుకోలేదు.

రేటు పిచ్చి రామలింగయ్య అని నాకు బజార్లో పేరు. అనుకోనీ, నాకేం సిగ్గు లేదు. రైతుల దగ్గర కాయలు కొని మండీలో బస్తాలు పేర్చుకుని కూచునేవాడికి రేటు పిచ్చి కాక దేవుడి పిచ్చి ఉంటుందా. రేటు పుట్టేది ఇక్కడ కాదు, ఎనభై మైళ్ళ అవతల ఆదోనిలో పుడుతుంది, అక్కడ పొద్దున పదికి వేలం మొదలవుతుంది, మిల్లులవాళ్ళు ఒక మాట అంటారు, ఆ మాట ఈ ఎండిన నేల దాటి మనదాకా వచ్చేసరికి దానికి ప్రాణం ఉంటుందా పోతుందా అన్నదే వ్యాపారమంతా. మొదట్లో కార్డులు. సుమిత్రమ్మ తమ్ముడు రామకృష్ణయ్య ఆదోనిలో ఒక కమీషను మండీలో గుమాస్తా, రోజూ ఒక కార్డు రాసేవాడు, బంగారంలాంటి రాత, అది మూడో రోజు చేరేది, మూడో రోజు రేటుతో ఏం చేసుకోను, తద్దినం పెట్టుకోనా. తర్వాత బుడేన్ సాబ్. గుంతకల్లు బస్సు తోలే మనిషి, మాట మీద నిలబడేవాడు, గుంతకల్లు స్టేషన్లో రామకృష్ణ పంపిన చీటీ తీసుకుని టోపీలో మడిచి పెట్టుకుని సాయంత్రానికి తెచ్చి చేతిలో పెట్టేవాడు, నాలుగు నెలలు బాగా జరిగింది, ఒకరోజు బెళుగుప్ప దాటినాక బస్సు చక్రం ఊడిపోతే ఆయన చీటీ టోపీలో పెట్టుకుని పన్నెండు మైళ్ళు నడిచి వచ్చాడు, పాపం కాళ్ళు బొబ్బలెక్కాయి, నేను మంచినీళ్ళయినా ఇవ్వకుండా ఆలస్యమయిందని అరిచాను. చక్రాన్ని నమ్ముకుంటే ఇంతే అని ఆయన చీటీలు మాన్పించాను.

రేడియో కొన్నాను, దాని బ్యాటరీ సుమిత్రమ్మ కుంకుమ డబ్బాల పక్కన పెద్ద ఇటుకలాగా కూచునేది. సాయంత్రం ధరవరలు చెప్పేవాళ్ళు, బొంబాయివీ మద్రాసువీ చెప్పేవాళ్ళు, మధ్యలో బరబరమని శబ్దం, ముప్పై ఏడా నలభై ఏడా తెలిసి చచ్చేది కాదు. పైగా రేట్లు చెప్పే వేళకు బజారు బజారంతా నా అంగడి ముందు చేరేది. దుడ్లు నావి, చెవులు ఊరందరివి. అందరికీ ఒకేసారి తెలిసిన రేటు రేటే కాదని ఆ రేడియోను లోపలింట్లో పడేశాను, సుమిత్రమ్మను హరికథలు వినుకోమని. ఆ తర్వాత ఫోను, ట్రంకు కాలు. ఇదే బెంచీ, ఇదే గోడ, ఇదే నల్ల డబ్బా. గొంతు చించుకుని ఏమప్పా ఎంత పలికింది అని అరిస్తే, అవతల రామకృష్ణ చెప్పింది నాకు అర్థమయ్యేలోపల నేను తిరిగి అన్న అంకె వరండాలో కూచున్న రైతులందరికీ వినబడేది, నేను పోస్టాఫీసు మెట్లు దిగేసరికి వాళ్ళు నాకంటే ముందే రేటు పెంచేసి కూచునేవాళ్ళు. తంతి ఒక్కటే మిగిలింది. తంతి గంటలో వస్తుంది, కాగితం మీద ఉంటుంది, వినీ వినకా పొరపాటు పడే పని లేదు. దానికి ఉన్నది ఒకటే రోగం, నలుగురి కళ్ళూ పడతాయి. తంతులు పంచే తిప్పయ్యకు బళ్ళో మూడో ఫారం దాకా నేర్చిన ఇంగ్లీషుంది, ఆ గొప్ప చూపించుకోవడానికి బజారు నడిమధ్యలో నిలబడి పైకి చదివేవాడు. అందుకని కోడు పెట్టుకున్నాం. అయ్యో, ఆ రోజు ఎంత సంబరపడ్డాం నేనూ రామకృష్ణా.

ఆ కోడు నా బుర్రలోదే. ఎవడి మీదా తోసెయ్యడానికి లేదు. వ్యాపారం మాటలుంటే పట్టేస్తారు, ఇంటి మాటలుంటే ఎవరూ పట్టించుకోరు అన్నాను. రేటు పెరిగితే కొడుకు పుట్టాడు, తగ్గితే కూతురు పుట్టింది. ఇంతకంటే సులువుగా ఎట్లా గుర్తుంటుంది చెప్పు అని నేనే నవ్వాను, రామకృష్ణ కూడా నవ్వాడు. ఇంకా పెరిగేట్టుంటే తల్లికి నయంగా ఉంది. ఇంకా పడిపోయేట్టుంటే తల్లికి సీరియస్. ఆలస్యం చెయ్యకుండా ఈరోజే అమ్మెయ్యి అనడానికి స్టార్ట్, బయలుదేరు అని. నేను సరుకు అమ్మేస్తే తిరుగు తంతి, చాలా సంతోషం, అందరికీ ఆశీస్సులు. రెండేళ్ళు నడిచింది, ఒక్కసారి తప్పు పోలేదు. తిప్పయ్యకు మొదటి నెలలోనే అనుమానం వచ్చింది, పిల్లల్లేని ఇంటికి వారం వారం ఈ పురుళ్ళేమిటని, ఏదో మర్మం ఉందని అందరికీ తెలుసు, అదేమిటో తెలియక ఎగతాళి పట్టుకున్నారు. ఏం శెట్టీ, ఈ వారం కొడుకా కూతురా? శెట్టికి వారానికొక కొడుకప్పా, ఆయమ్మ కడుపు సల్లగుండ! నేనూ నవ్వేవాడిని. నవ్వనీ, మర్మం దక్కితే చాలు. లోపల వాకిట్లో బియ్యం ఏరుకుంటూ సుమిత్రమ్మ ఆ మాటలు వినేది. పెళ్ళయి పదమూడేళ్ళు, రెండుసార్లు కడుపు నిలిచి పోయింది, తొక్కని గుడి లేదు, మొక్కని దర్గా లేదు, అట్లాంటి మనిషి చెవిన వారం వారం పడేది, కొడుకు పుట్టాడు, కూతురు పుట్టింది, తల్లికి సీరియస్. నాకు ఆ సంగతి తట్టనే లేదు. తట్టలేదని ఇప్పుడంటున్నాను గానీ ఒకసారి ఆమె ముఖం చూశాను, చూసి రేటు చదువుకుంటూ అంగట్లోకి వచ్చేశాను.

కడుపు నిలిచింది. ఈసారి ఐదో నెల దాటింది, ఏడో నెల వచ్చింది, నేను నమ్మలేదు, ఆమె నమ్మింది. కాన్పుకు ఆదోని పుట్టింటికి దిగబెట్టడానికి పోతూ బుడేన్ సాబ్ బస్సులో ముందు సీట్లో కూచున్నాం, ఆమె కాళ్ళ దగ్గర సద్ది మూట, కిటికీలోంచి ఎర్ర దుమ్ము, అటూ ఇటూ మోకాలెత్తు పెరగాల్సిన శెనక్కాయ చేలు జానెడు కూడా లేక మాడిపోయి ఉన్నాయి, నేను మనసులో ఎన్ని బస్తాలు తగ్గుతాయో లెక్క వేసుకుంటున్నాను, అప్పుడు అడిగింది. ఏమండీ, ఆ తంతి మాటలు మార్చుకోండి అంది. ఏ మాటలు అన్నాను. అవే, తల్లికి సీరియస్ అని రాసుకుంటారు గదా, నేను ఆడ కాన్పుకు ఉండంగా ఆడ నుంచే ఆ మాటలు రావడం ఏం బాగుంటుంది, నోటితో అనకూడని మాటలు, రాత్రి తలచుకుంటే నిద్ర పట్టదు నాకు, ఇంకేమన్నా పెట్టుకోండి, ఆవు ఈనిందనో గోడ పడిందనో. అంతకంటే ఎక్కువ మాటలు ఆమె నాతో ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు. సీజను నడుమ కోడు మారిస్తే పొరపాట్లు వస్తాయే, నీ కాన్పు పుష్యమాసంలో గదా, అప్పటికి కాయల కొనుబడి అయిపోతుంది, అప్పుడు మారుస్తాలే అన్నాను. పొరపాట్లు వస్తాయని అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూచుంది.

ఇంకా కార్తీకం పోలేదు. పుష్యానికి నెలకు పైనే ఉంది. అందుకే గదా నా బుర్ర అటు పోనేలేదు, ఎట్లా పోతుంది, ఎవడికి పోతుంది. పదకొండుకు తిప్పయ్య వచ్చాడు, ఈరోజు కూతురు శెట్టీ, తల్లికి గూడా బాగలేదు పాపం అని కన్ను గీటి కాగితం ఇచ్చాడు. డాటర్ బార్న్. మదర్ సీరియస్. స్టార్ట్. రామకృష్ణ. మూడు మాటలూ ఒకే తంతిలో రావడం రెండేళ్ళలో అదే మొదటిసారి. నాకు భయం కాదు, సంతోషం వేసింది. చూశావా, బజారంతా నిద్రపోతుంటే నాకొక్కడికే తెలిసింది, రేటు పడింది, ఇంకా పడుతుంది, ఇవాళే వదిలించుకోవాలి. దావణగెరె నుంచి వచ్చిన మిల్లు మనిషి అప్పుడే హోటల్లో కాఫీ తాగుతున్నాడు, వాడి పక్కన పోయి కూచున్నాను, తువ్వాలు కింద చేతులు కలిపాం, వాడు నా వేళ్ళు నొక్కి ధర అడిగాడు, నేను వాడి వేళ్ళు నొక్కి ఒప్పుకున్నాను, బస్తాకు రెండు రూపాయలు దించి మొత్తం ఇచ్చేశాను. రామలింగయ్య దించాడంటే ఏదో తెలిసే ఉంటుందని మిగతా మండీలవాళ్ళూ దించేశారు. ముద్దినాయనపల్లి అక్కమ్మ ఎద్దులబండి మీద మూడు బస్తాలు తెచ్చింది, ఈ కరువులో ఆమె చేను మొత్తానికి పండింది అదే, ఏం నాయనా నిన్న ఒక మాట జెప్పి ఈ పొద్దు ఒక మాట జెప్తాండావు అంది. రేటు నా చేతుల్లో ఉండాదా అవ్వా అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సరే పోసుకోండి అని బస్తాల మూతి విప్పింది. అటు నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాను, ఇదే కిటికీ ముందు నిలబడి తిరుగు తంతి రాశాను. వెరీ హ్యాపీ. బ్లెస్సింగ్స్ టు ఆల్. గంగాధరప్ప మాటలు లెక్కపెట్టి, బేరం బాగా కుదిరినట్టుండాదే శెట్టీ అన్నాడు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను. అప్పుడు ఒంటిగంటంబావు. ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను, కాసేపు కునుకు కూడా తీశాను.

బస్సు నాలుగున్నరకు వచ్చింది. బుడేన్ సాబ్ దిగి మొహం తుడుచుకుంటూ నా అంగడి ముందు నిలబడ్డాడు, ఆ పన్నెండు మైళ్ళ నడక తర్వాత కూడా ఆయన నన్ను పలకరించడం మానలేదు. ఏం శెట్టీ, బస్తాలన్నీ లారీకి ఎక్కిస్తాండారు, ఈడ రేటు దించినారంట, యామయింది అన్నాడు. ఆదోని పడింది సాబూ అన్నాను, కాస్త గర్వంగానే. ఆయన బీడీ వెలిగించబోయి ఆగాడు. ఎవురు జెప్పినారు నీకు, ఆదోని సరుకు లారీలు గుంతకల్లులో నా పక్కనే నిలబడి ఉండాయి, మధ్యాన్నం వేలంలో నిన్నటి మీద ముక్కాలు రూపాయి ఎక్కువే పలికిందంట, పడేదేంది అన్నాడు. నేను నవ్వాను. నవ్వుతూనే జేబులోంచి తంతి తీసి చూపించాను, ఆయనకు చదువు రాదని మర్చిపోయి. ఇదిగో, కూతురు పుట్టింది, తల్లికి సీరియస్, బయలుదేరు అని రాసుంది అని చదివాను. రెండేళ్ళలో ఆ మాటల్ని నేను తెలుగులో, పైకి, ఒక మనిషికి చదివి చెప్పడం అదే మొదలు. బుడేన్ సాబ్ బీడీ పారేశాడు. యా అల్లా, అమ్మ కాన్పుకు పోయింది ఆదోనికే గదా శెట్టీ అన్నాడు. పోస్టాఫీసుకు పరిగెత్తాను. చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు, ఇదిగో ఇప్పుడు చూసుకుంటే కాళ్ళకు లేవు.

కానీ రామకృష్ణ మోసం చేసి ఉండొచ్చు. ఎందుకు చెయ్యకూడదు? ఆ దావణగెరెవాడి దగ్గర ఏమన్నా తీసుకుని ఉంటాడు, గుమాస్తా బతుకు, నలుగురు పిల్లలు, బావ దగ్గర గుంజుకుంటే ఏమవుతుంది అనుకుని ఉంటాడు. ఎంత మంచి పని చేశావురా రామకృష్ణా, నీ కాళ్ళు మొక్కుతాను, నన్ను మోసం చేసి ఉండు. లేదా పొరపడ్డాడు, కొడుకు అనబోయి కూతురు అన్నాడు. లేదా నిజంగానే పొద్దున రేటు పడి మధ్యాహ్నం లేచి ఉంటుంది, లేవదా, ఎన్నిసార్లు లేవలేదు, వేలం మొదట్లో పడడం చివర్లో లేవడం నేను చూడలేదా. అవును, అదే, పొద్దున పడింది, వాడు పరిగెత్తి తంతి కొట్టాడు, ఆ తర్వాత లేచింది, పాపం వాడి తప్పేం లేదు. ప్రాణం లేచొచ్చి మళ్ళీ కాగితం తీశాను. చెమటకు మెత్తబడిపోయింది. మాటలు కాదు, ఈసారి మాటల పైన చూశాను, ఎప్పుడూ చూడని చోట, ఏ ఊళ్ళో ఇచ్చారు, ఎన్ని మాటలు, ఎన్ని గంటలకు ఇచ్చారు అని పెన్సిలుతో గీకి ఉంటుందే అక్కడ. ఆదోని. తొమ్మిది నలభై. ఇంకోసారి చూశాను. గంగాధరప్పా, ఇది తొమ్మిదా పదా అన్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకోకుండానే, తొమ్మిది నలభై శెట్టీ, నేనే రాసింది అన్నాడు. తొమ్మిది నలభైకి ఆదోనిలో రేటే లేదు. వేలం గంట కొట్టేది పదికి. తొమ్మిది నలభైకి అక్కడ బస్తాలు విప్పి ఉండరు, మిల్లులవాళ్ళు వచ్చి ఉండరు. టైము టైము అని ఇన్నేళ్ళు కొట్టుకుచచ్చాను, ఎవడి కంటే ఎంత ముందు తెలుస్తుందా అని కార్డు మాని చీటీ, చీటీ మాని రేడియో, రేడియో మాని ఫోను, అన్నీ మాని తంతి పట్టుకున్నాను, పట్టుకుని దాని మీద రాసిన టైము ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చూసుకోలేదు.

సీరియస్ అంటే పోయినట్టు కాదు. ఎంతమందికి సీరియస్ కాలేదు. మా అమ్మకు నా పుట్టుకలో సీరియస్ అయింది, నాయన పాడె కట్టెలు చూడమని కూడా చెప్పాడట, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది, నన్ను తిడుతూ బతికింది. ఆదోనిలో పెద్దాస్పత్రి ఉంది, డాక్టరమ్మ ఉంది, అత్త కన్యకమ్మ గట్టి మనిషి, ఊరికే వదిలిపెట్టదు. పొద్దున పదకొండుకు బయలుదేరి ఉంటే? పదకొండున్నరకు బస్సు ఉంది. నా కళ్ళ ముందే పోయింది, నేను తువ్వాలు కింద వేళ్ళు నొక్కుతున్నప్పుడు దాని దుమ్ము హోటలు లోపలికి వచ్చింది, మిల్లువాడు కాఫీ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ బస్సు ఎక్కి ఉంటే నాలుగింటికి ఆమె మంచం దగ్గర ఉండేవాడిని. ఏం చేసేవాడిని, నేనేమన్నా డాక్టరునా, ఏమీ చెయ్యలేను, ఉండేవాడిని అంతే. ఇంక ఈ పొద్దుకు బస్సు లేదు. బయట నా కాయల లారీ నిలబడి ఉంది, సరుకు గుంతకల్లులో రైలుకెక్కించాలట, అటే పోతుంది, డ్రైవరుతో బుడేన్ సాబ్ మాట్లాడి పెట్టాడు, శెట్టి వస్తాడు నిలబడప్పా, ఫోను మాట్లాడి వస్తాడు అని. నేను అమ్మిన బస్తాల మీద కూచుని పోవాలి నేను.

గంగాధరప్ప నల్ల డబ్బా దగ్గర నిటారుగా కూచున్నాడు. హలో హలో అంటున్నాడు. అనంతపురం పలికింది. గుంతకల్లు పలికింది. ఆదోని, ఆదోని, ఆ, మండీ, రామకృష్ణయ్య గుమాస్తా, పర్సనల్ కాలు. వింటున్నాడు. చెయ్యి రిసీవరుకు అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు. మండీ పలికింది శెట్టీ, మనిషి ఆడ లేడంట, పిలుచుకొని రాను పోయినారంట అన్నాడు. యాడి నుంచి పిలుచుకొస్తాండారు అని అడిగాను. అది చెప్పలేదు అన్నాడు. సీజనులో, సరుకు తూకాలు నడిచే సాయంత్రం వేళ, గుమాస్తా మండీలో లేకుండా ఎక్కడున్నట్టు? ఆస్పత్రిలో ఉన్నాడు, ఆస్పత్రిలోనే ఉన్నాడు, మందులు తేవడానికి పోయి ఉంటాడు, ఇంట్లో మాత్రం ఉండకూడదు. ఇల్లు మండీకి నాలుగు గుమ్మాల అవతల, ఆస్పత్రి మైలు దూరం. వాడు రావడం ఆలస్యమయితే ఆస్పత్రి, తొందరగా వస్తే ఇల్లు. రావద్దు. నిదానంగా రా రామకృష్ణా, ఎంత ఆలస్యమయినా కూచుంటాను, ఎన్నడూ ఇట్లా చెప్పలేదు నీకు, నిదానంగా రా. దా శెట్టీ, వచ్చినాడు అన్నాడు గంగాధరప్ప. రెండు నిమిషాలు కూడా కాలేదు.

“బావా.”

“రామకృష్ణా, పొద్దున తంతి...”

“నువ్వు ఇంకా ఆడనే ఉండావా బావా?”

వరండాలో నలుగురైదుగురు కూచుని ఉన్నారు, ఎప్పటిలాగే నా మాట కోసం చెవులు పెట్టుకుని ఉన్నారు. “రేటనుకున్నాను” అన్నాను. వినబడలేదేమో అని మళ్ళీ గట్టిగా అరిచాను, “రేటనుకున్నాను రామకృష్ణా.”

అవతల బరబరమని శబ్దం, దాని వెనక వాడి ఊపిరి. వాడు ఏడుస్తున్నాడని తెలియడానికి కాసేపు పట్టింది. “నాకు ఆ కోడు గుర్తే రాలేదు బావా. ఇంటికి తంతి కొట్టినట్టే కొట్టినాను. రాత్రి నుంచి నొప్పులు, తెల్లారి బిడ్డ పుట్టింది, నెత్తురు ఆగలేదు. అక్క మూడు గంటలకు పోయింది.”

“బిడ్డ?”

“ఉండాది. దూదిలో పెట్టినారు. ఇంతే ఉండాది, పిడికెడు.”

వాడే చెప్పుకుపోయాడు, మూడు నిమిషాలు అయిపోతాయని వాడికీ అలవాటే, తొందర తొందరగా చెప్పాడు. “నీ తంతి ఆస్పత్రికే తెచ్చిచ్చినారు. కాంపౌండరు చదివినాడు, చాలా సంతోషం, అందరికీ ఆశీస్సులు అని. అమ్మకేం తెలుసు, అల్లుడు సంతోషపడినాడు, బయల్దేరి వస్తాండాడంట అని అక్కతో చెప్పింది. అక్క ఆ కాంపౌండరును పిలిచి ఇంకోసారి చదవమనింది. అక్కకు ఆ మాటలన్నీ తెలుసు గదా బావా. రెండేండ్లు విన్నది గదా.”

“ఏమనింది?”

“అమ్మను ఏమీ అనలేదు. వస్తాడులేమ్మా అనింది. అమ్మ అవతలికి పోయినంక నన్ను పిలిచి నీకు తంతి రాయించింది, పరిగెత్తిపోయి కొట్టి రా అనింది. కొట్టి వచ్చినాను, మాట్లాడింది, ఆ తర్వాత అరగంటకు... నీకు అందలేదా?”

“లేదు. ఏమని రాయించింది? రామకృష్ణా, ఏమని రాయించింది?”

లైను బరబరమని, గుంతకల్లు ఆడమనిషి గొంతు ఏదో అని, తెగిపోయింది. నేను ఆ డబ్బాను పట్టుకుని ఇంకా అడుగుతూనే ఉన్నాను. గంగాధరప్ప వచ్చి నా చేతిలోంచి రిసీవరు తీసుకుని పెట్టేశాడు, నన్ను భుజాలు పట్టుకుని బెంచీ మీద కూచోబెట్టాడు. వరండాలో వాళ్ళు లేచి నిలబడ్డారు. బుడేన్ సాబ్ లోపలికి వచ్చి నా పక్కన నేల మీద కూచున్నాడు. పోదాం పా శెట్టీ, లారీ ఉండాది, నేనూ వస్తా నీతో అన్నాడు. నేను కదల్లేదు. ఇక్కడి నుంచి పోతే అది ఎట్లా అందుతుంది. తంతి మిషను ఊరుకునే ఉంది, గోడ మీద గడియారం నడుస్తోంది, ఆరు దాటింది, ఆమె నాకు చెప్పినదేదో ఆదోనికీ ఇక్కడికీ మధ్య ఏ స్తంభం దగ్గర ఉందో. ఆవు ఈనిందనో గోడ పడిందనో పెట్టుకోండి అంది. ఎందుకు మార్చలేదే, నా నోరు పడిపోను, నీ మాట ఎందుకు వినలేదే సుమిత్రా. అరగంట కూచున్నాను. లారీవాడు రెండుసార్లు హారను కొట్టాడు, బుడేన్ సాబ్ బయటికి పోయి వాడిని తిట్టి వచ్చాడు.

మిషను టకటకమంది. గంగాధరప్ప పెన్సిలు తీసుకున్నాడు, రాశాడు, మధ్యలో పెన్సిలు ఆగింది, మళ్ళీ రాశాడు. తిప్పయ్యను పిలవలేదు, తనే లేచి కౌంటరు తలుపు తీసుకుని వచ్చి నా చేతిలో పెట్టాడు. ముందు టైము చూశాను. రెండు ఇరవై. ఆ తర్వాత అక్షరాలు చూశాను, కళ్ళకు అలుక్కుపోయి ఒక్కటీ ఆనలేదు. చదువప్పా అన్నాను, తెలుగులో జెప్పు అన్నాను. ఆయన చదివాడు.

“రేటు గాదు. నిజంగానే కూతురు. రండి. సుమిత్ర.”

రండి అన్న చోట ఏముంది అని అడిగాను. కమ్ అని ఉండాది శెట్టీ అన్నాడు. స్టార్ట్ అని రాయిస్తే నేను అమ్మకమనుకుంటానని ఆమెకు తెలుసు. అంత నెత్తురు పోతూ కూడా ఆలోచించుకుని, మా కోడులో లేని మాట వెతికి రాయించింది.